‘ఏం కాదులే’ అంటే రోగికి ధైర్యం వస్తుందా?

ఈసారి వచ్చిన ఉత్తరాలన్నీ దాదాపు ఒకే సంగతి చుట్టూ తిరుగుతున్నాయి. ఇంట్లో ఒకరికి పెద్ద జబ్బు. ఆ మనిషి నీరుగారిపోయారు. ఏం చెబితే మళ్లీ ఆశ పుడుతుంది? నేను వార్డు నర్సుగా మొదలుపెట్టి, డయాలసిస్ యూనిట్లో, క్యాన్సర్ వార్డులో పనిచేసి, ఇప్పుడు రోగులతో, వాళ్ల ఇంటివాళ్లతో మాట్లాడటమే ఉద్యోగంగా ఉన్నదాన్ని. అందుకే సంపాదకులు వీటిని నాకు పంపారు. మందులు, మోతాదుల సంగతి మీ డాక్టరు చూసుకుంటారు. మిగతాది మనం మాట్లాడుకుందాం. ఎవరి పేరూ, ఊరూ వేయడం లేదు.

ప్రశ్న: మా నాన్నగారికి 58 ఏళ్లు. రెండు కిడ్నీలూ పాడైపోయి నాలుగు నెలలుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ చేయించుకుంటున్నారు. ఒకప్పుడు ఇల్లంతా ఆయన గొంతే వినపడేది. ఇప్పుడు డయాలసిస్ నుంచి రాగానే గోడవైపు తిరిగి పడుకుంటారు. ‘ఈ బతుకెందుకురా’ అంటారు. ‘ఏం కాదు నాన్నా, ధైర్యంగా ఉండండి’ అని మేమంతా చెబుతూనే ఉన్నాం. చెప్పేకొద్దీ ఆయన ఇంకా ముడుచుకుపోతున్నారు. ఆయనలో ఆశ కలిగించడం ఎలాగండీ? (ఒక కొడుకు)

జవాబు: బాబూ, ముందు ఆ ‘ఏం కాదు’ అనే మాట మానేయండి. ఆయనకి అయింది కదా! ఒక్కోసారి నాలుగు గంటలపాటు, చేతిలో రెండు లావాటి సూదులతో, కదలకుండా కూర్చుని వచ్చిన మనిషికి ‘ఏం కాదు’ అన్న మాట ఎలా వినపడుతుందంటే, ‘నీ గోడు మా దగ్గర ఎత్తకు’ అన్నట్టు వినపడుతుంది. మీ ఉద్దేశం అది కాదని నాకు తెలుసు. మీ భయాన్ని అణుచుకోవడానికి అంటున్న మాట అది. కానీ ఆయన మాట అక్కడితో ఆగిపోతోంది. ఆగిపోయిన మాటే గోడవైపు తిరిగి పడుకుంటోంది.

ఇంకో సంగతి. డయాలసిస్ అయి రాగానే పడుకోవడం అంతా నిరాశేనని అనుకోకండి. కొన్ని గంటల వ్యవధిలో ఒంట్లోంచి అంత నీరు లాగేస్తే ఎంతటివారికైనా సత్తువ పోతుంది. కొందరికి తల తిరుగుతుంది, కండరాలు పట్టేస్తాయి, బీపీ పడిపోతుంది. చాలామందికి ఆ రోజంతా అలాగే గడిచి, మర్నాటికి కాస్త తేరుకుంటారు. ఆ సాయంత్రం మీరంతా చుట్టూ చేరి ధైర్యం చెబితే ఆయనకి చెవుల్లో హోరు తప్ప ఇంకేమీ మిగలదు. ఆ రోజు దుప్పటి కప్పి వదిలేయండి. డయాలసిస్ లేని రోజు పొద్దున కూర్చోండి. ఒక్కరే కూర్చోండి, గుంపుగా వద్దు.

కూర్చుని ఏమనాలి? ‘ఈ వారంలో మీకు అన్నిటికన్నా కష్టంగా అనిపించింది ఏది నాన్నా?’ అని అడగండి. అడిగి ఊరుకోండి. ఊరుకోవడం చాలా కష్టం, మన నోరు ఊరుకోదు. ఆయన చెప్పేది వింటే మీరు ఆశ్చర్యపోతారు. మీరేమో ఆయన చావుకి భయపడుతున్నారని అనుకుంటారు. ఆయనేమో సూది గుచ్చే క్షణం గురించి చెబుతారు. లేదా దాహం గురించి. లేదా పదిమందిలో చొక్కా చేయి పైకి మడవాలంటే సిగ్గుగా ఉందని చెబుతారు. ఇవన్నీ ఎంతో కొంత దారి ఉన్న కష్టాలు. సూది నొప్పికి ముందుగా రాసే మత్తు క్రీములు ఉన్నాయి, యూనిట్లో అడగండి. దాహానికి ఉప్పు తగ్గించడం అన్నిటికన్నా బాగా పనిచేస్తుంది. ఉప్పు తగ్గించకుండా నీళ్లు ఒక్కటే తగ్గించమనడం మనిషిని హింస పెట్టడమే.

కాన్సస్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన మనస్తత్వ శాస్త్రవేత్త సి.ఆర్. స్నైడర్ ఏళ్ల తరబడి ఆశ మీదే పరిశోధన చేశారు. ఆయన లెక్కలో ఆశకి మూడు కావాలి. చేరాలనుకునే చోటు ఒకటి, అక్కడికి పోయే దారి, ఆ దారిన నేను నడవగలను అన్న నమ్మకం. మనం ఇంట్లో చేసేదేమిటంటే, మొదటి రెండూ లేకుండా మూడోదాన్ని మాత్రం ‘ధైర్యంగా ఉండు’ అంటూ మనిషి నెత్తిన రుద్దుతాం. అందుకే నేను వార్డులో ధైర్యం సంగతి ఎత్తను. ‘వచ్చే గురువారంలోపు ఏం జరిగితే బాగుంటుంది?’ అని అడుగుతాను. ‘వచ్చే ఏడాది’ అని ఎప్పుడూ అడగను, అది ఆయనకి కనపడదు.

మీ నాన్నగారి చేతికి ఫిస్టులా (డయాలసిస్ కోసం రెండు రక్తనాళాల్ని కలిపిన చోటు) చేసి ఉంటే ఒక పని అప్పజెప్పండి. ఆ చోట వేళ్లు ఆనిస్తే లోపల సన్నగా జుమ్ముమని కదలిక తెలుస్తుంది. చెవి ఆనిస్తే హోరు వినపడుతుంది. రక్తం బాగా పారుతోందనడానికి అదే గుర్తు. రోజూ దాన్ని చూసుకోవాలి, ఆగిపోతే వెంటనే ఆసుపత్రికి ఫోన్ చేయాలి. ఆ చేతికి బీపీ చూడనివ్వకూడదు, రక్తం తీయనివ్వకూడదు, ఆ చేయి కింద పెట్టి పడుకోకూడదు. మా యూనిట్లో ఒక పెద్దాయన ఉండేవారు. కొత్తలో కళ్లు మూసుకుని, ఎవరితోనూ పలక్కుండా కూర్చునేవారు. ఆ చేతి కాపలా ఆయనదేనని చెప్పాం. కొన్నాళ్లకి పక్క కుర్చీలోకి వచ్చిన కొత్త కుర్రాడి చేయి పట్టుకుని, ‘ఇదిగో ఇక్కడ, గట్టిగా నొక్కకు, ఆనించు చాలు, తెలుస్తోందా?’ అని నేర్పిస్తున్నారు. బతుకు మీద ఉపన్యాసం ఆయనకి ఎవరూ ఇవ్వలేదు. ఒక పని ఇచ్చాం, అంతే.

అలాగే బరువు రాసుకునే పుస్తకం ఆయన చేతికే ఇవ్వండి. ఒక డయాలసిస్‌కీ ఇంకో డయాలసిస్‌కీ మధ్య ఎంత పెరిగారు, డ్రై వెయిట్ (ఒంట్లో అదనపు నీరు లేనప్పటి బరువు) ఎంత అన్నది ఆయనే రాసుకోవాలి. మీరందరూ కలిసి ఆయన్ని బాగా చూసుకోవాలన్న తాపత్రయంలో ఆయనకి చేయడానికి ఏమీ మిగల్చలేదేమో చూడండి. ఇల్లంతా గొంతు వినిపించిన మనిషి అన్నారు. అలాంటివారికి సేవ చేయించుకోవడమే పెద్ద శిక్ష.

ఆయన వినే స్థితిలో ఉన్నప్పుడు ఈ కథ చెప్పండి. 1960కి ముందు కిడ్నీలు పూర్తిగా పాడైన వాళ్లకి పదేపదే డయాలసిస్ చేయడం కుదిరేది కాదు. ప్రతిసారీ కొత్తగా రక్తనాళం కోయాల్సి వచ్చేది, కొన్నిసార్లకే కోయడానికి చోటు మిగిలేది కాదు. ఆ ఏడాది మార్చిలో సియాటిల్‌లో డాక్టర్ బెల్డింగ్ స్క్రిబ్నర్, రోగి చేతికి శాశ్వతంగా అమర్చే టెఫ్లాన్ గొట్టాన్ని తొలిసారి వాడారు. అది అమర్చుకున్న క్లైడ్ షీల్డ్స్ అనే మెషినిస్టు ఆ తర్వాత పదకొండేళ్లు బతికాడు. అంతకుముందు వారాల్లో పోవాల్సిన జబ్బు అది. మీ నాన్నగారు ఇప్పుడు కూర్చుంటున్న కుర్చీ అప్పుడు మొదలైంది. ఇక కిడ్నీ మార్పిడికి ఆయన సరిపోతారా లేదా అన్నది డాక్టర్ని సూటిగా అడగండి. సరిపోతారంటే అదొక దారి. కాదంటే, ఎందుకు కాదో ఆయనకే చెప్పించండి. తెలియకుండా ఎదురుచూడటం కన్నా అది నయం.

చివరగా ఒకటి, దీన్ని తేలిగ్గా తీసుకోకండి. ‘ఈ బతుకెందుకు’ అన్న మాట విసుగులోంచి రావచ్చు, డిప్రెషన్‌లోంచీ రావచ్చు. రెండు వారాలకు పైగా రోజులో ఎక్కువసేపు దిగులుగా ఉంటే, ఒకప్పుడు ఇష్టమైనవేవీ పట్టకపోతే, డయాలసిస్ లేని రోజుల్లో కూడా నిద్ర, తిండి తప్పితే, కిడ్నీ డాక్టరుకి ఆ మాట చెప్పి తీరాలి. దానికి మందులున్నాయి, కౌన్సెలింగ్ ఉంది. కిడ్నీ జబ్బున్నవారికి మోతాదు మారుతుంది కాబట్టి సొంతంగా ఏదీ కొని వేయకూడదు. ‘చనిపోవాలనిపిస్తోందా నాన్నా?’ అని నేరుగా అడగడానికి భయపడకండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందనేది అపోహ. అవునంటే, లేదా డయాలసిస్‌కి రానని మొండికేస్తే, ఆ రోజు ఒంటరిగా వదలకండి, ఆ రోజే డాక్టరుకి చెప్పండి.

ప్రశ్న: నాకు రొమ్ము క్యాన్సర్. ఎముకలకు పాకిందని చెప్పారు. అందరూ ‘పాజిటివ్‌గా ఆలోచించు, అదే సగం మందు’ అంటున్నారు. ఏడిస్తే ‘ఏడవకు, జబ్బు పెరుగుతుంది’ అంటున్నారు. నా మనసు బలహీనంగా ఉన్నందుకే పాకిందేమోనని రాత్రుళ్లు నిద్ర పట్టడం లేదు. (ఒక సోదరి)

జవాబు: లేదమ్మా. మీ కన్నీళ్లకీ ఆ గడ్డకీ సంబంధం లేదు. తల, మెడ క్యాన్సర్లున్న 1,093 మంది మీద చేసిన పరిశీలన ఒకటి 2007లో అచ్చయింది. మనసు కుదురుగా ఉన్నవాళ్లు ఎక్కువ కాలం బతికారా, దిగులుగా ఉన్నవాళ్లు త్వరగా పోయారా అని చూశారు. అలాంటి తేడా ఏదీ కనపడలేదు. ఈ సంగతి విని కొందరు నిరాశపడతారు. నేనైతే మీలాంటివారికి ఇదే మొదట చెబుతాను. జబ్బుని మోయడమే చాలు. జబ్బుకి కారణం నేనే అన్న నేరం కూడా ఎందుకు మోయాలి?

మనసు తేలిగ్గా ఉంటే లాభం లేదని కాదు. నిద్ర పడుతుంది, మందులు వేళకి వేసుకుంటాం, నొప్పి కాస్త భరించగలుగుతాం, మనుషుల్ని దగ్గరికి రానిస్తాం. అవి చిన్న విషయాలు కావు. కానీ ఏడుపు వచ్చినప్పుడు ఏడవకుండా నవ్వు అతికించుకుని తిరిగితే మనసు తేలిక కాదు, బరువెక్కుతుంది. ఏడవడానికి ఒక మనిషిని ఎంచుకోండి. ‘నువ్వేం చెప్పొద్దు, పక్కన కూర్చో’ అని ముందే చెప్పండి. మిగతావాళ్లు ‘పాజిటివ్‌గా ఉండు’ అన్నప్పుడు ‘సరే’ అని మాట మార్చేయండి. వాళ్లందరినీ సంస్కరించే ఓపిక మీకిప్పుడు వద్దు.

మీరు ఉత్తరంలో ఇంకో మాట రాశారు, సగటున ఇన్నాళ్లని ఎక్కడో చదివానని. ఆ అంకెని ఎలా చదవాలో చెబుతాను. స్టీఫెన్ జే గౌల్డ్ అనే శాస్త్రవేత్తకి 1982లో పొట్టలో మీసోథీలియోమా అనే అరుదైన క్యాన్సర్ వచ్చింది. అప్పుడాయనకి నలభై ఏళ్లు. పుస్తకాల్లో ఉన్నది మధ్యగత ఆయుర్దాయం ఎనిమిది నెలలని. అంటే సగం మంది ఎనిమిది నెలల్లోపు పోతారు. మిగతా సగం? వాళ్లు ఎనిమిది నెలలు దాటి బతుకుతారు, అందులో కొందరు ఎన్నో ఏళ్లు. అంకెలతో పనిచేసే మనిషి కాబట్టి ఆయనకది వెంటనే తట్టింది. తన వయసు, జబ్బు దొరికిన దశ, అందే చికిత్స అన్నీ చూసుకుని, తాను ఆ రెండో సగంలో ఉండటానికి కారణాలున్నాయని లెక్క వేసుకున్నారు. ఇరవై ఏళ్లు బతికి 2002లో పోయారు, అదీ వేరే క్యాన్సర్‌తో. అందరికీ అలా అవుతుందని నేను అనను. నేను చెప్పేది ఆ అంకె మీ పేరు మీద రాసింది కాదని మాత్రమే. పైగా రొమ్ము క్యాన్సర్‌లో రకాలు వేరు, గడ్డ కణాల్లో హార్మోన్లు అతుక్కునే రిసెప్టర్లు ఉన్నాయా, హెర్2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉందా అన్నదాన్ని బట్టి మందులు పూర్తిగా వేరు. మీది ఏ రకమో మీ రిపోర్టులో ఉంటుంది. ‘నా రకానికి, నా వయసుకి ఇప్పుడు ఏమేం మందులున్నాయి, ఇది పనిచేయకపోతే తర్వాత ఏది?’ అని డాక్టర్ని అడగండి. ఆ ‘తర్వాత ఏది’కి జవాబు దొరికితే చాలామందికి ఆ రాత్రి నిద్ర పడుతుంది.

ప్రశ్న: మా అమ్మకి డెబ్బై ఏళ్లు. క్యాన్సర్ అని మా అన్నదమ్ములకే తెలుసు. ‘పొట్టలో పుండు’ అని చెప్పాం. నిజం తెలిస్తే గుండె ఆగిపోతుందని భయం. ఆశ నిలపాలంటే దాచడమే మంచిది కదా?

జవాబు: మీ అమ్మగారికి ఏమీ తెలియదని మీకు ఎవరు చెప్పారు? వార్డులో ఇది ఎన్నిసార్లు చూశానో. పిల్లలు మందులు తేవడానికి కిందికి వెళ్తారు. తలుపు మూసుకోగానే ఆ తల్లి సిస్టర్ చేయి పట్టుకుని, ‘నాది ఆ జబ్బేనా అమ్మా? నా పిల్లలకి చెప్పకు, నాకు తెలుసని తెలిస్తే తట్టుకోలేరు’ అంటుంది. అటు వాళ్లు ఆమె కోసం దాస్తారు, ఇటు ఆమె వాళ్ల కోసం దాస్తుంది. మధ్యలో సిస్టర్ ఇద్దరికీ అబద్ధం ఆడాలి. పుండుకి కీమో ఎందుకని, జుట్టెందుకు ఊడుతుందని ఆమెకి తోచదా? పిల్లల మొహాలు చదవడం తల్లికి ఎవరూ నేర్పక్కర్లేదు.

అలాగని ఇప్పుడే వెళ్లి మొత్తం కుమ్మరించమని కాదు. తెలుసుకునే హక్కు ఆమెది, వద్దనుకునే హక్కు కూడా ఆమెదే. అందుకే ముందు ఆమెనే అడగాలి. ‘అమ్మా, రిపోర్టుల్లో ఉన్నదంతా డాక్టరు నీకే చెప్పాలా, మాతో మాట్లాడితే చాలా?’ అంతే. ‘మీరే చూసుకోండిరా’ అంటే ఆ మాటకి కట్టుబడండి, కొన్నాళ్లకి మళ్లీ ఒకసారి అడగండి. ‘నాకే చెప్పమను’ అంటే డాక్టరు పక్కన కూర్చుని, ‘ఇప్పటిదాకా నీకేం అర్థమైంది’ అన్న దగ్గర మొదలుపెట్టమనండి. ఆమె ఎంతవరకు వింటే అంతవరకే చెప్పాలి. ఒకేసారి అన్నీ చెప్పాలని రూలేం లేదు.

దాచితే ఆశ నిలుస్తుందని అంటున్నారు. అది మీ ఆశ. ఆమెకి ఏ ఆశలున్నాయో మీకు తెలియదు, ఎందుకంటే అడిగే దారి మీరే మూసేశారు. ఎవరినో ఒకసారి చూడాలని ఉండొచ్చు. ఎవరితోనో మాట కలుపుకోవాలని ఉండొచ్చు. ఆ పనులకి వేళ కావాలి. పుండు నయమయ్యాక చూద్దాంలే అనుకుంటూ ఆమె ఆ వేళ పోగొట్టుకోకూడదు.

ప్రశ్న: మా పాపకి పదకొండేళ్లు. టైప్ 1 షుగర్. జీవితాంతం ఇన్సులిన్ అన్నారు. పాప కన్నా నేనే ఎక్కువ కుంగిపోయాను. (ఒక తల్లి)

జవాబు: సరిగ్గా పదకొండేళ్ల వయసులోనే ఎలిజబెత్ హ్యూస్ అనే అమెరికా అమ్మాయికి 1919లో ఇదే జబ్బు బయటపడింది. వాళ్ల నాన్న తర్వాత ఆ దేశ విదేశాంగ మంత్రి అయ్యారు. డబ్బు, పలుకుబడి అన్నీ ఉన్నాయి, మందు మాత్రం లేదు. తిండి బాగా తగ్గించి రోజులు పొడిగించడం ఒక్కటే అప్పటి వైద్యం. మూడేళ్లలో ఆ పిల్ల బరువు తగ్గి తగ్గి ఇరవై కిలోలకి వచ్చింది. ఈలోగా 1922 జనవరిలో టొరంటోలో పద్నాలుగేళ్ల లియోనార్డ్ థాంప్సన్‌కి తొలిసారి ఇన్సులిన్ ఇచ్చారు. ఆగస్టులో ఎలిజబెత్‌ని అక్కడికి తీసుకెళ్లారు. ఆమె పెరిగి పెద్దదై, పెళ్లి చేసుకుని, ముగ్గురు పిల్లల్ని కని, 1981లో 73 ఏళ్ల వయసులో పోయింది. అప్పటి ఇన్సులిన్‌తో, అప్పటి సూదులతో! ఇంట్లో షుగర్ చూసుకునే మీటరు కూడా అప్పుడు లేదు. మీ పాపకి మీటర్లున్నాయి, ఇన్సులిన్ పెన్నులున్నాయి, ఒంటికి అంటించుకునే సెన్సర్లున్నాయి, పంపులున్నాయి.

ఎలిజబెత్ తన జబ్బు సంగతి దాదాపు ఎవరికీ చెప్పకుండానే బతికింది. ఆ పని మాత్రం మీ పాప చేత చేయించకండి. బడిలో టీచరుకీ, ఇద్దరు స్నేహితులకీ తెలియాలి. షుగర్ పడిపోతే చెమటలు, వణుకు, తికమక వస్తాయని, వెంటనే తీపి ఇవ్వాలని, స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదని వాళ్లకి నేర్పండి. సూది పాప తానే వేసుకోవడం మెల్లగా అలవాటు చేయండి, మీరు పక్కనుండి చూస్తే చాలు. మీ కుంగుబాటు సంగతి మీ డాక్టరుకి కూడా చెప్పండి. పిల్లకి జబ్బయితే తల్లికి నిద్ర పట్టకపోవడం వింత కాదు, కానీ నెలల తరబడి అలాగే ఉండాల్సిన పనీ లేదు.

ప్రశ్న: మావారికి పక్షవాతం వచ్చి మూడు నెలలు దాటింది. కుడిచేయి ఇంకా సరిగా రాలేదు. మూడు నెలల తర్వాత ఇక రాదని ఎవరో అన్నారు. నిజమేనా?

జవాబు: సగమే నిజం. మొదటి మూడు నెలల్లో వచ్చినంత వేగంగా ఆ తర్వాత రాదు. అంతమాత్రాన అక్కడితో ఆగిపోదు. సాధన ఆపకపోతే నెలల తర్వాత, ఏడాది దాటాక కూడా మెరుగయ్యేవాళ్లున్నారు. ‘చేయి రావాలి’ అని కూర్చోకండి. ‘పై బొత్తాం పెట్టుకోవాలి’ అనుకోండి. ఫిజియోథెరపిస్టుకి అదే చెప్పి, దానికి తగ్గ వ్యాయామం అడగండి. బొత్తాం ఆయన పెట్టుకుంటుంటే మీ చేయి వెనక్కి కట్టేసుకోండి. ఎంతసేపైనా సరే, అందుకోకండి. బీపీ మందులు, డాక్టరు రాసిన మిగతా మందులు ఒక్క పూట కూడా తప్పనివ్వకండి, మళ్లీ రాకుండా చూసుకోవడం అన్నిటికన్నా ముఖ్యం.

ప్రశ్న: అక్కకి ఊపిరితిత్తుల క్యాన్సర్. చికిత్స మొదలవుతుండగానే పాలియేటివ్ కేర్ (నొప్పి, బాధ తగ్గించే వైద్యం) డాక్టర్ని కూడా కలవమన్నారు. అంటే చేతులెత్తేసినట్టేనా? మార్ఫిన్ గురించి కూడా మాట్లాడుతున్నారు. మాకు కాళ్లూ చేతులూ ఆడటం లేదు.

జవాబు: కాదు తల్లీ. తొలి రోజుల్లోనే పంపారంటే మీ డాక్టరు మంచి పని చేశారని నేనంటాను. మన దగ్గరే కాదు, ఎక్కడైనా ఈ విభాగానికి ‘ఇక చివరికి పంపే చోటు’ అనే పేరు పడిపోయింది. ఆ పేరు వల్ల ఎంతమంది నొప్పితో ఊరికే ఉండిపోతారో చూస్తే కోపం వస్తుంది.

సంగతి ఏమిటంటే, ఊపిరితిత్తుల క్యాన్సర్ ఒళ్లంతా పాకిన దశలో కొత్తగా బయటపడిన 151 మందితో అమెరికాలోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రిలో పరిశోధన చేసి 2010లో ప్రకటించారు. సగం మందికి మామూలు క్యాన్సర్ చికిత్స. మిగతా సగానికి అదే చికిత్సతో పాటు మొదటి నుంచీ పాలియేటివ్ కేర్. రెండో గుంపు వాళ్ల రోజులు మెరుగ్గా గడిచాయి, డిప్రెషన్ తగ్గింది. బతికిన కాలం కూడా తగ్గలేదు సరికదా, మధ్యగతం 8.9 నెలలకి బదులు 11.6 నెలలైంది. నొప్పి, ఆయాసం, నిద్ర, దిగులు, ఇంటివాళ్ల కంగారు ఇవన్నీ చూడటమే ఆ డాక్టరు పని. చికిత్సకి పోటీ కాదు, తోడు.

ఈ వైద్యానికి ఆద్యురాలు సిసిలీ సాండర్స్ అనే ఇంగ్లండు ఆవిడ. నర్సుగా మొదలై, తర్వాత సోషల్ వర్కర్ అయి, ఆ తర్వాత చదివి డాక్టరై, 1967లో లండన్‌లో సెయింట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ (నయంకాని జబ్బున్నవారిని బాధ లేకుండా చూసుకునే చోటు) తెరిచారు. నొప్పి మొదలయ్యాక ఇవ్వడం కాదు, మొదలవకముందే వేళకి మందు ఇవ్వాలని ఆవిడ పట్టుబట్టారు. నర్సుని కాబట్టి ఆవిడంటే నాకు పక్షపాతం ఉందనుకోండి.

ఇక మార్ఫిన్. అది గట్టి నొప్పికి ఇచ్చే మందు. డాక్టరు చెప్పిన మోతాదులో నొప్పికి వాడితే అది ఆయుష్షు తగ్గించేది కాదు, అది మొదలుపెట్టారంటే చివరి రోజులు వచ్చాయనీ కాదు. మొదట్లో మగత, వికారం ఉండొచ్చు, అవి చాలామందికి కొన్ని రోజుల్లో తగ్గుతాయి. మలబద్ధకం మాత్రం తగ్గదు, అందుకే దానికి మందు మొదటి రోజు నుంచే అడిగి తీసుకోండి. ఈ ఒక్క సంగతి చెప్పకపోవడం వల్ల ఎందరో మార్ఫిన్ మానేసి మళ్లీ నొప్పిలోకి వెళ్తారు. నొప్పితో పళ్లు బిగపట్టుకున్న మనిషికి రేపటి గురించి ఆలోచన రాదు. ముందు నొప్పి తగ్గనివ్వండి. అక్క ఏం కోరుకుంటోందో అప్పుడు అడగండి.

ప్రశ్న: ఆరేళ్లుగా ఆయన్ని నేనే చూసుకుంటున్నాను. అందరూ ఆయనకి ఆశ ఇవ్వమంటారు. నాకే లేదు. ఒక్కోసారి ఇదంతా అయిపోతే బాగుండుననిపిస్తుంది. ఇలా అనుకున్నందుకు నన్ను నేనే అసహ్యించుకుంటున్నాను.

జవాబు: అలా అనిపించని వాళ్లని నేను చాలా తక్కువమందినే చూశాను. అది ఆయన పోవాలని కోరుకోవడం కాదమ్మా, అలసట. వారంలో ఒక పూట మీది కావాలి. ఆ పూట ఆయన దగ్గర ఎవరుంటారో ఇప్పుడే పేరు రాసుకోండి. ‘ఏదైనా సాయం కావాలంటే చెప్పు’ అనే బంధువులు ఉంటారు కదా, వాళ్లకి పని పేరు, రోజు, టైము చెప్పి అడగండి. అలా చెప్పకపోతే ఎవరూ రారు. ఆ పూట నిద్రపోతారో, తలుపేసుకుని ఊరికే కూర్చుంటారో మీ ఇష్టం. ఆ సమయంలో ఇంటి పనులు పెట్టుకున్నారని తెలిస్తే మాత్రం కోప్పడతాను. మీకు కూడా బీపీ, షుగర్ చూపించుకుని ఎన్నాళ్లయింది?

ప్రశ్న: చికిత్స అయిపోయింది. మూడు నెలలకోసారి స్కాన్. స్కాన్‌కి వారం ముందు నుంచీ టెన్షన్. రిపోర్టు ఫోన్‌లోకి వస్తే అర్ధరాత్రైనా తెరిచి చూస్తాను. అర్థం కాని మాటలు వెతుక్కుంటూ తెల్లవారుతుంది. ఏం చేయాలి?

జవాబు: ఈ టెన్షన్ మీ ఒక్కరిదే కాదు, ఆ వారం మా దగ్గర ఫోన్లు మోగుతూనే ఉంటాయి. పూర్తిగా పోదు, తగ్గించుకోవచ్చు. స్కాన్ తేదీ తీసుకునేటప్పుడే డాక్టర్ని కలిసే తేదీ కూడా తీసుకోండి, రెంటికీ మధ్య ఎడం వీలైనంత తక్కువ ఉండేలా. రిపోర్టు ఒంటరిగా తెరవకండి. మీ వాళ్లలో ఒకరి ఫోన్‌కి వచ్చేలా చేసి, డాక్టరు గదిలోనే చూద్దామని ముందే ఒప్పందం చేసుకోండి. రిపోర్టులో ‘చిన్న మచ్చ’, ‘గమనించాలి’ లాంటి మాటలు స్కాన్ చదివే డాక్టరు కనపడ్డ ప్రతిదీ రాయాలి కాబట్టి రాసేవి. పాత స్కాన్‌తో పోల్చి చూస్తేనే వాటికి అర్థం తెలుస్తుంది. అందుకే పాత ఫిల్ములు, సీడీలు తప్పకుండా పట్టుకెళ్లండి.

అడగాల్సినవి ఒక కాగితం మీద రాసుకోండి. కిందటిసారితో పోలిస్తే ఏం మారింది? ఇప్పుడు ఏం చేస్తాం? మళ్లీ ఎప్పుడు రావాలి? ఈ మధ్యలో ఏం జరిగితే ఆగకుండా ఫోన్ చేయాలి? ఈ నాలుగూ చాలు. కాగితం గది బయటే చేతిలోకి తీసుకోండి. జేబులో పెట్టుకెళ్లినవాళ్లలో చాలామందికి అది మళ్లీ లిఫ్టు దగ్గరే గుర్తొస్తుంది.